రెసిడెన్సీ బజారులో ఒక మేడగది

తెలియని ఊళ్ళో కొన్నాళ్ళు ఉండవలసి వస్తే ఎక్కడ దిగాలన్నది ఈ రోజుల్లో గదిని చూసి తేల్చుకుంటున్నాం. ఏసీ ఉందా, బాత్రూం శుభ్రంగా ఉందా, బండి పెట్టుకోవడానికి చోటుందా, ఫోన్లో ఎన్ని చుక్కలు ఇచ్చారు, ఇవే ప్రశ్నలు. గుమ్మం దిగితే ఏముంటుందో అడిగేవాళ్ళు తక్కువ. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో నల్లగొండ నుంచో, పాలమూరు నుంచో, ఓరుగల్లు నుంచో చదువుకోవడానికి, కోర్టు పనికి, కొలువు వెతుక్కోవడానికి హైదరాబాదు వచ్చిన తెలుగువాడు ఈ లెక్కను తిరగేసి వేసేవాడు. గది ఎట్లా ఉన్నా సర్దుకునేవాడు. చుట్టుపక్కల ఏమున్నాయన్నదే అతనికి ముఖ్యం. అట్లా లెక్క వేసుకున్న చాలామంది చేరిన చోటు రెసిడెన్సీ బజారు. 1933 నుంచి దాన్నే సుల్తాన్ బజారు అంటున్నాం. జనం నోట ఆ చుట్టుపక్కలంతా ఇప్పుడు కోఠీ. ఆ బస్తీలో ఉన్నది ఒక చారిత్రక భవనం, కొన్ని పాత ఇళ్ళు, ఎడతెగని సందడి. ఆ సందడి భవనం వల్ల వచ్చిందని టూరిస్టు పుస్తకాలు అనుకుంటాయి, బేరాల వల్ల వచ్చిందని వ్యాపారులు అనుకుంటారు. నాకు మాత్రం అది దుకాణాల పైన చౌకగా దొరికిన మేడగదుల వల్ల వచ్చిందనిపిస్తుంది. ఆ గదుల్లో ఉండేవాళ్ళు ఖాళీ చేసి పోయారు. రద్దీ ఇంకా ఉంది, ఆ మాటకొస్తే పెరిగింది కూడా. కానీ రద్దీ వేరు, వాసం వేరు.

ఆ బస్తీ పుట్టుకే ఒక హద్దు మీద పుట్టుక. మూసీకి ఉత్తరపు ఒడ్డున, కోట గోడకు బయట, పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్ళలో జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ అనే బ్రిటిష్ రెసిడెంటు తన కోఠీ కట్టించుకున్నాడు. ముందు ఎత్తైన స్తంభాలు, మెట్ల పక్కన సింహాలు, వెనక తోట. దాని చుట్టూ పెరిగిన బజార్ల మీద అధికారం నిజాముది కాదు, రెసిడెంటుది. అక్కడి పోలీసు వేరు, కచేరీ వేరు. ఈ చిన్న తేడాయే ఆ చోటిని పెంచింది. అప్పు ఇచ్చే సాహుకారుకు తన డబ్బు మీద ఒక జాగీర్దారు కన్నెర్ర చేస్తే అడ్డుపడే చట్టం కావాలి. అది గోడ లోపలి కన్నా ఇక్కడ కొంచెం గట్టిగా దొరికింది. అందుకే మార్వాడీలు, గుజరాతీలు, వాళ్ళ వెంట మున్షీలు, వాళ్ళ వెంట చిన్న వ్యాపారులు వచ్చి చేరారు. ఇళ్ళు ఎంత దగ్గరగా, ఎంత ఎత్తుగా లేచాయో చెప్పడానికి 1857 ఒక్కటి చాలు. ఆ జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల వెంట రెసిడెన్సీ మీదికి వచ్చినవాళ్ళు పుత్లీబౌలీ వైపున్న రెండు పెద్ద ఇళ్ళను పట్టుకుని అక్కడి నుంచే తుపాకులు పేల్చారు. రెసిడెంటు తోటలోకి గురి పెట్టడానికి వీలైనంత దగ్గరగా బజారు అప్పటికే వచ్చి కూర్చుందన్నమాట. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది ప్రాణాలు తీసుకుపోయాక నది ఇవతలి ఒడ్డున ఇల్లు చూసుకోవాలన్న తొందర ఇంకా పెరిగింది. మరాఠీ, గుజరాతీ, మార్వాడీ, కన్నడం, ఉర్దూ, తెలుగు ఒకే గల్లీలో వినపడే చోటు హైదరాబాదులో ఇంకోటి అంత తేలిగ్గా దొరికేది కాదు.

ఇప్పుడు కొత్తగా వచ్చినవాడి లెక్క చూద్దాం. 1907 నాటికి నాంపల్లి స్టేషను, 1916 నాటికి కాచిగూడ స్టేషను వచ్చాయి. 1932లో నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ బస్సులు మొదలయ్యాక గౌలిగూడ దిగే చోటయింది. 1920లో కట్టిన హైకోర్టు నయాపుల్ దాటగానే ఉంది. నిజాం కాలేజీ బషీర్‌బాగ్ దగ్గర. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదటి ఏళ్ళన్నీ గన్‌ఫౌండ్రీ చుట్టుపక్కల కిరాయి బంగళాల్లోనే గడిపింది. అడిక్‌మెట్‌లో ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచింది 1939లో. ఆసఫియా గ్రంథాలయం 1936లో అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడున్న చోటికి వచ్చింది. కూరగాయలకు బడీచౌడీ, పండ్లకు 1935 తర్వాత మొజంజాహీ మార్కెట్. అడిక్‌మెట్ ఒక్కటి తప్పిస్తే వీటిలో దేనికి పోవాలన్నా సుల్తాన్ బజారు నుంచి నడకే, అదీ అరగంటకు మించని నడక. టాంగాకు డబ్బు లేని విద్యార్థికి, రోజూ కోర్టుకు పోవలసిన చిన్న వకీలుకు ఇంతకన్నా మంచి చోటు పటం గీసి వెతికినా దొరకదు. చారిత్రకమైన బస్తీ అని వాళ్ళెవరూ అక్కడ దిగలేదు. చెప్పుల అరుగుదల లెక్క వేసుకుని దిగారు.

ఆ గదులెట్లా ఉండేవో ఈ కాలం వాళ్ళకు కొంచెం విడమరచి చెప్పాలి. కింద వీధి మీదికి మల్గీ. పొద్దున పలకల తలుపులు ఒక్కొక్కటీ తీసి గోడకు ఆనించేవారు. మల్గీ పక్క నుంచి ఒక మనిషి పట్టేంత దర్వాజా, అది దాటితే నిట్టనిలువు రాతిమెట్లు. పైన వరసగా మూడో నాలుగో గదులు, ముందు కర్ర కటకటాల వసారా. గదిలో గోడకు ఒకటి రెండు గూళ్ళు, బట్టలకు ఒక చిలుకకొయ్య, ఒక చాప, ఒక ట్రంకుపెట్టె, కిరసనాయిలు లాంతరు. వంటిల్లు లేదు. నీళ్ళు కింద వాకిట్లో, గదులన్నిటికీ ఒకటే నల్లా. పాయిఖానా పెరటి చివర. ఇంత ఇరుకులో మనిషి పడుకోగలడు, చాలా ఇష్టమైతే చదువుకోగలడు, అంతకు మించి ఏమీ చేయలేడు. మిగిలిన బతుకంతా కిందకు దిగే చేయాలి. అన్నానికి మెస్సు, చాయకు ఇరానీ హోటలు, పేపరుకు గ్రంథాలయం, తలకు మంగలి దుకాణం, ఉత్తరానికి పోస్టాఫీసు, మాట్లాడటానికి ఎవరి అరుగైనా సరే. రోజుకు పది సార్లు మెట్లు ఎక్కి దిగే ఈ కిరాయిదారులు వందలకొద్దీ ఉన్న వీధి నిద్రపోయేది తక్కువ. దుకాణదారుకు వీళ్ళు రాత్రి పదింటికి కూడా గిరాకీ. వీధికి వీళ్ళే కావలి. గది ఎంత లోటుగా ఉంటే వీధి అంత నిండుగా ఉండేది, ఈ రెంటికీ చుట్టరికం ఉంది.

ఈ చుట్టరికం వల్ల ఏం పుట్టిందో చూస్తే ఇది వట్టి తలపోత కాదని తెలుస్తుంది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆదిపూడి సోమనాథరావు వంటివాళ్ళు దాని వెనక ఉన్నారు. నిజాం రాజ్యంలో తెలుగువాడు తెలుగు పుస్తకం కోసం కూర్చోవడానికి చోటు లేని రోజుల్లో పుట్టిన ఆ సంస్థ రెసిడెన్సీ బజారులోనే నిలదొక్కుకోవడానికి కారణం భక్తి ఒక్కటే అనుకోలేం. సాయంత్రం పూట పోవడానికి వేరే చోటు లేనివాళ్ళు, ఇంట్లో దీపం కింద కూర్చునే వీలు లేనివాళ్ళు, నడిచి వచ్చేంత దగ్గరలో ఉన్నవాళ్ళు కావాలి గ్రంథాలయానికి. మేడగదులు వాళ్ళను తయారుగా ఇచ్చాయి. అంతకు ముందే, 1892లో, ఆర్యసమాజం అక్కడ వెలిసింది. మహారాష్ట్రుల వివేకవర్ధినీ పాఠశాల, దాని నాటకశాల అక్కడే. 1921 నవంబరులో ఆ వివేకవర్ధినీలోనే, ధోండో కేశవ కర్వే అధ్యక్షతన నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో ఈలలు, గోల. ఆ అవమానం పడ్డవాళ్ళు ఇళ్ళకు పోయి పడుకోలేదు. అదే రాత్రి టేకుమాల రంగారావు ఇంట్లో కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తెలంగాణలో తెలుగువాళ్ళ ఉద్యమానికి అది మొదలు. ఈ కథలో భాషాభిమానం గురించి అందరూ చెప్పారు, నేనొక మామూలు సంగతి గుర్తు చేస్తాను. సభ ముగిశాక రాత్రి పూట ఒకరి ఇంటికి ఇంకొకరు నడిచి పోగలిగినంత దగ్గరలో వాళ్ళంతా ఉండటం. వాళ్ళే ఈనాటి లెక్కన ఒకరు మియాపూర్‌లో, ఒకరు ఉప్పల్‌లో, ఒకరు ఎల్బీ నగర్‌లో ఉండి ఉంటే ఆ కోపం వాట్సాప్‌లో చల్లారిపోయేది.

హద్దు వల్ల వచ్చిన వెసులుబాటును కూడా తక్కువ చేయకూడదు. సభ పెట్టాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాలనే గస్తీ నిషాన్ 53 నిజాం రాజ్యమంతా గొంతు మీద కూర్చున్నప్పుడు, రెసిడెన్సీ బజార్లలో ఊపిరి కొంచెం ఆడేది. బ్రిటిష్‌వాళ్ళు స్వేచ్ఛాప్రియులని కాదు. వాళ్ళ భయాలు వేరు, నిజాం భయాలు వేరు, ఆ రెండు భయాల నడుమ సందులో జనం నిలబడ్డారు. 1933లో ఆ బజార్లు నిజాముకు తిరిగి దఖలు పడి పేరు మారినప్పుడు ఆ సందు మూసుకుపోయింది. ఇక్కడ నా వాదనకు ఒక చిక్కు ఎదురవుతుంది. బస్తీకి ప్రాణం పోసింది ఆ చట్టపు సందే అయితే 1933తో ప్రాణం పోవాలి కదా? పోలేదు. ఆ తర్వాత ఇంకో పాతికేళ్ళు, రజాకార్ల రోజులు, పోలీసు చర్య, 1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని కావడం, అన్నీ దాటి ఆ గదులు నిండుగానే ఉన్నాయి. చట్టం జనాన్ని అక్కడికి తెచ్చింది; నిలబెట్టింది మాత్రం కిరాయి, నడక, మెస్సు.

మరి ఎట్లా ఖాళీ అయింది? ఒక్క దెబ్బకు కాలేదు. విశ్వవిద్యాలయం అడిక్‌మెట్‌కు పోగానే చదువుకునేవాళ్ళలో ఒక పాయ విద్యానగర్, నల్లకుంట వైపు తిరిగింది. 1956 తర్వాత వచ్చిన సర్కారు ఉద్యోగులకు కొత్త కాలనీలు, క్వార్టర్లు వచ్చాయి. స్కూటరు వచ్చాక నడక లెక్క పనికిరాకుండా పోయింది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం తన వంతు చేసింది. పాత కిరాయిదారును కదిలించలేని ఇంటి యజమాని మరమ్మతు మానేశాడు, గది ఖాళీ అయినప్పుడు మనిషికి ఇవ్వడం మానేశాడు. మనిషికి నీళ్ళు కావాలి, దీపం కావాలి, గొడవ పెడతాడు. సరుకు మూటలు ఏమీ అడగవు. కింది మల్గీకి లక్షల్లో పగిడీ పలికే చోట పై గదికి తగిన వాడకం గోదామే. ట్రూప్ బజారు కరెంటు సామానుకు, గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్‌కు, సుల్తాన్ బజారు బట్టలకు పేరుపడ్డకొద్దీ మేడ మెట్లు ఎక్కేది హమాలీ ఒక్కడే అయ్యాడు. ఇవాళ సాయంత్రం ఆరింటికి అక్కడ భుజం తగలకుండా నడవలేం. పదిన్నరకు షట్టర్లు పడ్డాక తలెత్తి చూస్తే మేడల మీద దీపం వెలిగే కిటికీలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2020 ఫిబ్రవరిలో ఆ ఇరుకు వీధి నెత్తి మీదుగా మెట్రో నడిచింది. బజారును చంపేస్తుందని వ్యాపారులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. బజారు చావలేదు. చావడానికి అప్పటికే అక్కడ మిగిలింది బేరమొక్కటే, దానికి మెట్రో మేలే చేసింది.

ఇంతవరకు చదివినవారికి కోపం రావలసిన చోటు ఒకటుంది, అది న్యాయమైన కోపం. ఆ గదులు ఎవరికి దొరికేవి? మెస్సులో ఏ బంతిలో ఎవరికి ఆకు పడేది? కులాన్ని బట్టి. గది అడగబోయినవాడిని ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు అడిగేవారు, మూడో ప్రశ్న అవసరం ఉండేది కాదు. కొత్వాలు వెంకటరామారెడ్డి 1918లో పెట్టించిన రెడ్డి హాస్టలు ఎందరినో చదివించింది, తర్వాత ఇతర కులాలవాళ్ళూ అదే దారి పట్టారు. అంటే నగరానికి వచ్చిన విద్యార్థి తన కులం వెంట తెచ్చుకుంటేనే నీడ దొరికే పరిస్థితి. ఈ బజారును ఆనుకునే ఉన్న ఇసామియా బజారులో భాగ్యరెడ్డి వర్మ 1910లో ఆదిహిందూ, అంటే దళిత, పిల్లలకు బడి పెట్టవలసి వచ్చింది. పక్కనే ఇన్ని పాఠశాలలు ఉండగా వేరే బడి ఎందుకు కావలసి వచ్చిందో ఎవరూ వివరించనక్కరలేదు. ఇక ఆడవాళ్ళు: ఒంటరిగా వచ్చిన స్త్రీకి ఆ మేడల మీద గది అన్న ఊహే లేదు. మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టేదాకా తెలుగులో ఆడపిల్లల చదువే గగనం. పాయిఖానా ఎత్తే మనిషి పెరటి తలుపు నుంచి వచ్చి పోయేవాడు, ఆ వీధి సందడిలో అతనికి భాగం లేదు. 1911 ప్రాంతపు ప్లేగు నేర్పిన పాఠంతో 1912లో నగరాభివృద్ధి బోర్డు పుట్టి ఇరుకు బస్తీలను కూలగొట్టి వెడల్పు చేసిందంటే ఊరికే చేయలేదు. ఇవన్నీ నిజం. వీటికి జవాబుగా ఆ రోజులు బంగారమని నేననను. నేను అడిగేది వేరు. ఈ తప్పులు సరిదిద్దడానికి గదులను ఖాళీ చేయవలసిన పని ఉందా? గదులు ఖాళీ అయింది అంటరానితనం పోయినందుకు కాదు, మరుగుదొడ్డి బాగుపడినందుకు కాదు. అద్దె కన్నా గోదాము లాభమైనందుకు. దళిత విద్యార్థికి, పల్లె నుంచి వచ్చే అమ్మాయికి నగరం నడిబొడ్డున చౌకగా గది దొరికే హక్కు వచ్చే నాటికి, దొరకవలసిన గదిలో పంకాల పెట్టెలు పేర్చి ఉన్నాయి. రెసిడెంటు కోఠీయే 1949 నుంచి మహిళా కళాశాల అయింది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున విశ్వవిద్యాలయం. దాని గేటు ఎదుట పాత పుస్తకాల దుకాణాలు ఇంకా ఉన్నాయి. వేలమంది అమ్మాయిలు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతారు. పాత రెసిడెన్సీ బజారు వాళ్ళను రానిచ్చేది కాదు, కొత్త కోఠీ వాళ్ళను ఉండనివ్వదు.

పాత ఇళ్ళకు సున్నం కొట్టి, హెరిటేజ్ బసలుగా మార్చి, ఊరు చూడవచ్చినవాళ్ళకు ఇస్తే బస్తీ మళ్ళీ వెలుగుతుందని ఇప్పుడొక ఆలోచన నడుస్తోంది. రెసిడెన్సీ భవనాన్ని ఈ మధ్య ఎంతో శ్రద్ధగా బాగుచేశారు, అది మంచి పనే. కానీ రెండు రాత్రులు ఉండి పోయే అతిథికి మంగలి అక్కర్లేదు, గ్రంథాలయంలో సభ్యత్వం అక్కర్లేదు, మెస్సు కార్డు అక్కర్లేదు. అతనికి కావలసింది ఫోటోకు బాగుండే కిటికీ. అతని వల్ల కింది మల్గీలో ముత్యాల దుకాణం వెలుస్తుంది, చెప్పులు కుట్టేవాడు ఇంకో గల్లీకి పోతాడు. పాత బస్తీలో దిగాలని నిజంగా ఇష్టపడేవారికి నేనైతే ఒకటే సలహా చెబుతాను: గోడల వయసు అడగకండి, పొద్దున ఏడింటికి ఆ వీధిలో పాల ప్యాకెట్లు ఎన్ని అమ్ముతారో అడగండి. పాలు కొనేవాళ్ళు లేని వీధి ఎంత పాతదైనా రాత్రి పూట మిమ్మల్ని పలకరించదు.

చివరగా, ఈ జీవితం పోలేదు, చోటు మారిందంతే అనేవారున్నారు. అశోక్‌నగర్ చూడండి అంటారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా, గ్రూప్స్ పరీక్షలకు చదివే వేలమంది ఇరుకు గదుల్లో ఉంటున్నారు. కర్రీ పాయింట్లు, మెస్సులు, జిరాక్సు దుకాణాలు, రాత్రి రెండింటికీ చాయ. వీళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు, అమ్మాయిలు ఉన్నారు. ఉద్యోగ ప్రకటనల కోసం వాళ్ళు రోడ్డెక్కితే ప్రభుత్వాలు ఉలిక్కిపడ్డాయి. ఈ వాదనలో బలముంది, చాలా వరకు ఒప్పుకుంటాను. ఇరుకు గది, దగ్గరలో గ్రంథాలయం, కింద మెస్సు కలిస్తే ఇప్పటికీ వీధి లేచి కూర్చుంటుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. ఒక్క తేడా మాత్రం మిగులుతుంది. అశోక్‌నగర్ మెట్ల మీద ఎదురయ్యేవాళ్ళంతా ఒకే వయసు, ఒకే పరీక్ష, ఒకే నోట్సు. పరీక్ష పాసైనా, తప్పినా ఆ గది వదలవలసిందే. రెసిడెన్సీ బజారు మెట్ల మీద విద్యార్థికి వకీలు ఎదురయ్యేవాడు, వకీలుకు సాహుకారు మున్షీ, మున్షీకి మరాఠీ పంతులు. అప్పు, కేసు, ఉద్యోగం, పెళ్ళిసంబంధం అన్నీ ఆ మెట్ల మీదనే కుదిరేవి, చెడేవి. వాళ్ళలో కొందరు ముప్ఫై ఏళ్ళు ఆ గదుల్లోనే ఉండిపోయారు. అశోక్‌నగర్‌లో గది కిరాయికిచ్చే యజమానులు అలాంటివాళ్ళను చేర్చుకోరు: పెళ్ళయినవాడు వద్దు, ఉద్యోగి వద్దు, మంచానికి ఇంతని ఇచ్చే కుర్రవాళ్ళే లాభం. సుల్తాన్ బజారు మేడ మీద గోదాము పెట్టినవాడి లెక్కా, ఈ యజమాని లెక్కా ఒకటే. కాకపోతే ఇక్కడ పేర్చింది మంచాలు.